‘ఏం కాలేదుగా’ అంటే సరిపోదు

ప్రశ్న: మాకు పదిహేనేళ్ల పాప, ఏడేళ్ల బాబు. నిరుడు కొండల్లో ఓ సరస్సు పక్కన టెంట్ వేసుకుని రెండు రాత్రులు ఉన్నాం. రెండో రోజు సాయంత్రం నేను సామాను సర్దుతున్నాను, మావారు స్టవ్ వెలిగిస్తున్నారు, పాప ఫొటోలు తీసుకుంటోంది. బాబు రాయి మీంచి జారి నీళ్లలో పడ్డాడు. మావారు దూకి క్షణాల్లో బయటికి లాగారు. నేను కంగారులో పాప మీద గట్టిగా అరిచేశాను. దేవుడి దయ వల్ల బాబుకేమీ కాలేదు. కానీ ఆ రోజు తడిసిన వాడి బూట్లు ఇంకా నా అలమరాలోనే ఉన్నాయి, పారేయబుద్ధి కావడం లేదు. ఇప్పుడు మావారు మళ్లీ అక్కడికే వెళ్దామంటున్నారు. వద్దంటే, ‘ఏం కాలేదుగా, ఎందుకంత భయం’ అని నవ్వేస్తున్నారు. బాబు గంతులేస్తున్నాడు. పాప మాత్రం రానని భీష్మించుకుంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీరు మీ భయం గురించి రాశారు. నాకు మాత్రం మధ్యలో మీరు గబగబా దాటేసిన ఒక వాక్యం దగ్గర చూపు ఆగిపోయింది: ‘పాప మీద గట్టిగా అరిచేశాను.’ దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీవారి సంగతి.

‘ఏం కాలేదుగా’ అని ఆయన అన్నప్పుడల్లా మీకు ‘నీ భయం ఉత్తదే’ అన్నట్టు వినిపిస్తోంది. కోపం రావడం సహజమే. కానీ ఆ రోజు నీళ్లలోకి దూకింది ఆయన. ఒడ్డున నిలబడి మీరు చూసింది ఒకటి. చేతికి బిడ్డ చొక్కా దొరికేదాకా ఆయన పడింది ఇంకొకటి. కొందరు భయాన్ని బయటికి చెప్పేస్తారు, కొందరు జోకు కింద దాచేస్తారు. మీవారు రెండో రకమని నా అనుమానం. వెళ్దామా మానేద్దామా అన్న వాదన ఒక్క రాత్రి పక్కన పెట్టండి. పిల్లలు పడుకున్నాక, ‘దూకినప్పుడు మీకేమనిపించింది?’ అని అడగండి. అడిగి ఊరుకోండి. ఆయన మాట్లాడేదాకా మీరు మాట్లాడొద్దు. ఇదే కష్టం, నాకు తెలుసు.

ఇక మీ భయం. అందులో అతి ఏమీ లేదు. మంచు కరిగి చేరిన సరస్సు నీళ్లు ఎండాకాలంలోనూ జివ్వుమంటాయి. 15 డిగ్రీల కంటే చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే, మన ప్రమేయం లేకుండానే ఊపిరి ఎగపీల్చేస్తాం. ఆ క్షణంలో తల నీళ్ల కింద ఉంటే నీళ్లే లోపలికి పోతాయి. మొదటి నిమిషం గడిచినా, పది నిమిషాల్లోపే చేతులూ కాళ్లూ స్వాధీనం తప్పడం మొదలవుతుంది, ఈత వచ్చినవాళ్లకైనా సరే. పైగా మునిగిపోతున్న పిల్లలు చాలాసార్లు కేక కూడా వేయలేరు. కాబట్టి ఒడ్డు దగ్గర ఉన్నంతసేపూ బాబుకి ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. వాడు ఏడ్చినా, మీవారు నవ్వినా.

నిరుడు లోపించింది జాకెట్ ఒక్కటే కాదు. ముగ్గురూ పది అడుగుల దూరంలోనే ఉన్నారు. ఎవరికి వారు, మిగతా ఇద్దరూ వాణ్ణి చూస్తున్నారనుకున్నారు. దీనికి నేను చెప్పే మందు ఒక ఎర్ర టోపీ. అది పెట్టుకున్నవాళ్లకి స్టవ్ లేదు, ఫోన్ లేదు, సర్దుడు లేదు. బాబు మీదే కళ్లు. ఇరవై నిమిషాలకోసారి టోపీ మారాలి, తీసుకున్నవాళ్లు ‘ఇప్పుడు నేను చూస్తున్నా’ అని పైకి అనాలి. టోపీ మీ ఇద్దరి మధ్యే తిరగాలి. పాప నెత్తికి మాత్రం ఎక్కకూడదు.

టెంట్ నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో వేయండి. ఒకసారి నేనూ అందం కోసమని సరిగ్గా నీటి అంచునే వేయించాను. రాత్రి కొండల మీది చల్లగాలి పల్లంలోకి దిగి అక్కడే పేరుకుంటుందని అప్పుడు తెలియదు. తెల్లారేసరికి టెంట్ లోపల గుడ్డంతా చెమ్మ, మా ఇద్దరికీ మాటల్లేవు. ఎంత చలేసినా స్టవ్ గానీ నిప్పులు గానీ టెంట్ లోపలికి తేవద్దు. వాటి నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. సరస్సు 2500 మీటర్ల ఎత్తుకి పైన ఉంటే ఇంకో జాగ్రత్త, అక్కడ గాలి పలచబడి ఒంట్లో బాగుండకపోవచ్చు: బాబు అన్నం మానేసి చిరాకు పడుతుంటే మారాం అనుకోకండి. తలనొప్పి, వికారం అని చెప్పడం ఆ వయసులో రాకపోవచ్చు. తగ్గకపోతే కిందికి దిగిపోవడమే.

ఇవన్నీ మీవారు ఒప్పుకుంటే వెళ్లండి, ఈసారి ఒక్క రాత్రికే. ఒప్పుకోకపోతే ‘నేను రాను, బాబుని పంపను’ అనండి. అది మొండితనమేమీ అవదు. ఏడాదైనా ఆ దృశ్యం రాత్రుళ్లు నిద్ర లేపుతుంటే మాత్రం, ట్రిప్ సంగతి తర్వాత, ముందు సైకాలజిస్టుని కలవండి.

ఇప్పుడు పాప. అప్పటికి తనకి పద్నాలుగేళ్లు. ఇద్దరు పెద్దవాళ్లు పక్కనే ఉండగా, తమ్ముడు పడిపోయిన తప్పు తన మీద పడింది. ఆ మాట ఎవరూ వెనక్కి తీసుకున్నట్టు మీ ఉత్తరంలో లేదు. ఆ బూట్లు మీకు బిడ్డ దక్కిన గుర్తు. మీ అలమరా తెరిచిన ప్రతిసారీ అవి తనకీ కనిపిస్తుంటాయి, తనకి అవి వేరే సంగతి చెబుతాయి.

అక్కడి నుంచి అవి తీసేయండి. పాపతో ఒంటరిగా ఉన్నప్పుడు, ‘ఆ రోజు తమ్ముణ్ణి చూసుకోవాల్సింది నేనూ నాన్నా. నీ మీద అరవడం నా తప్పు’ అనండి. అక్కడితో ఆపేయండి. ‘కంగారులో అన్నానులే, కానీ నువ్వూ కాస్త చూడాల్సింది’ అన్నారంటే రెండోసారి తిట్టినట్టే. తను ‘సరేలే’ అనేసి గదిలోకి వెళ్లిపోవచ్చు. వెంట వెళ్లకండి. ట్రిప్‌కి వస్తావా అని ఆ పూట అసలు అడగొద్దు. అడిగితే ఆ సారీ కాస్తా బేరమైపోతుంది.