కాస్మోస్: సింగారం నుంచి విశ్వం దాకా

ప్రశ్న: విశ్వాన్ని ‘కాస్మోస్’ అనీ, ముఖానికి పూసుకునే వాటిని ‘కాస్మెటిక్స్’ అనీ అంటున్నాం. ఈ రెండింటికీ మూలం ఒక్కటేనా? విశ్వానికి ఆ పేరు ఎలా వచ్చింది?

జవాబు: ఒక్కటే. రెండూ ‘కోస్మోస్’ అనే ప్రాచీన గ్రీకు పదం నుంచి పుట్టినవే. అయితే ఆ పదానికి తొలి అర్థం విశ్వం కాదు. క్రమం, అమరిక, అలంకారం. గ్రీకు కవి హోమర్ ‘ఇలియడ్’ కావ్యం ఆరంభంలోనే గ్రీకు సేనానాయకులైన అగమెమ్నాన్, మెనెలాస్ సోదరులను సేనలను బారులు తీర్చేవారని చెప్పిన విశేషణం ఈ పదానికి సంబంధించినదే. అదే కావ్యం పద్నాలుగో సర్గలో హేరా దేవి తన భర్త జ్యూస్ మనసు దోచుకోవడానికి ఒంటికి పరిమళ తైలం పూసుకొని, కురులు దువ్వి జడలల్లుకొని, నూరు కుచ్చుల నడికట్టు బిగించి, చెవులకు మూడేసి పూసల కమ్మలు పెట్టుకుంటుంది. ఆ సింగారమంతటినీ కవి కోస్మోస్ అనే అన్నాడు. సేనను బారులు తీర్చడానికీ, కనుబొమలను తీర్చిదిద్దడానికీ మనం ఒకే క్రియను వాడుతున్నాం కనుక ఈ రెండర్థాల పొత్తు తెలుగువారికి వింతగా తోచదు.

ఈ పదాన్ని విశ్వానికి మొదట వాడినవాడు గ్రీకు తత్త్వవేత్త పైథాగరస్ అని ప్రాచీన రచయితలు చెప్పారు. ఆయన రాసినదేదీ మిగలలేదు కనుక దానిని ఒక సంప్రదాయంగానే స్వీకరించాలి. క్రీ.పూ. 500 ప్రాంతానికి చెందిన మరో గ్రీకు తత్త్వవేత్త హెరాక్లిటస్ వాక్యం మాత్రం మనకు దక్కింది. అందరికీ ఒకటే అయిన ఈ కోస్మోస్‌ను దేవతలు గానీ మనుషులు గానీ చేయలేదనీ, అది కొలత ప్రకారం రగులుతూ, కొలత ప్రకారం ఆరుతూ నిత్యం జీవించే అగ్ని అనీ ఆయన అన్నాడు. నా దృష్టిలో ఆ వాక్యానికి ప్రాణం ‘కొలత’ అన్న మాటే. లోకాన్ని సూచిస్తూనే ఆ పదం క్రమమనే పాత అర్థాన్ని విడవలేదని దానివల్ల తెలుస్తుంది. ప్లేటో ‘గోర్గియాస్’ సంభాషణలో సోక్రటీస్ ఈ సంగతినే విప్పి చెబుతాడు: భూమ్యాకాశాలను, దేవతలను, మనుషులను మైత్రి, నిగ్రహం, న్యాయం కట్టి ఉంచుతున్నాయి కనుకనే జ్ఞానులు ఈ సమస్తాన్నీ కోస్మోస్ అన్నారు తప్ప అస్తవ్యస్తమని అనలేదు.

కాబట్టి ఇది విశ్వం ఎంత పెద్దదో చెప్పే పేరు కాదు, ఎలా అమరి ఉందో చెప్పే పేరు. మన ‘విశ్వం’ సమస్తమనే అర్థంతో ఏర్పడింది. ఆ దారి వేరు. లాటిన్‌లో ‘ముండుస్’ అనే మాటకు కూడా లోకం, అలంకారం అనే రెండర్థాలూ ఉన్నాయి. ఈ పోలికను రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే గుర్తించాడు.

ఆధునిక యూరప్‌లో ఈ మాటకు మళ్లీ ప్రాచుర్యం తెచ్చినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్. ప్రకృతి అంతటినీ ఒకే చిత్రంగా వర్ణించాలని ఆయన తలపెట్టిన గ్రంథానికి ‘కోస్మోస్’ అనే పేరు పెట్టి, అలంకారం, క్రమం అనే పాత అర్థాలను అందులోనే వివరించాడు. దాని తొలి సంపుటం 1845లో వెలువడింది. అయిదోది, అసంపూర్ణంగా, ఆయన మరణానంతరం 1862లో వచ్చింది.