సబ్‌మిట్ నొక్కకముందే తేల్చుకోవలసినవి: లివర్ పరిశోధకురాలికి ఒక ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

ఫ్యాటీ లివర్ రోగుల్లో ఫైబ్రోసిస్ (కాలేయంలో మచ్చ కట్టడం) మీద నువ్వు రాసిన డ్రాఫ్టు మొదటి నుంచి చివరి దాకా చదివాను. పని గట్టిగా ఉంది. మార్జిన్లో ఒకచోట "ఓపెన్ యాక్సెస్ సంగతి యాక్సెప్ట్ అయ్యాక చూసుకుందాం" అని రాసుకున్నావు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసమే. యాక్సెప్ట్ అయ్యాక నీ చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. ఏ జర్నల్‌కు పంపాలి, ఫీజు ఎవరు కడతారు, ఏ లైసెన్సు తీసుకోవాలి, ఏ ప్రతిని ఎక్కడ భద్రపరచాలి, ఇవన్నీ ముందే తేలాలి.

ఓపెన్ యాక్సెస్ అంటే పేపర్‌ను ఎవరైనా డబ్బు కట్టకుండా చదివేలా ఉంచడం. ముందు దానికున్న దారులు చెబుతాను. జర్నల్ మొత్తం అందరికీ ఉచితంగా తెరిచి ఉండి, ఖర్చు రచయిత వైపు నుంచి ఫీజుగా తీసుకుంటే అది గోల్డ్. రచయిత దగ్గరా పాఠకుడి దగ్గరా ఏమీ తీసుకోకుండా ఏ సంఘమో విశ్వవిద్యాలయమో భరిస్తే డైమండ్. చందా జర్నల్లో నీ ఒక్క పేపర్‌కు ఫీజు కట్టి తలుపు తెరిపిస్తే హైబ్రిడ్. అదే చందా జర్నల్లో ఓపెన్ యాక్సెస్ ఫీజు కట్టకుండా వేయించుకుని, యాక్సెప్ట్ అయిన రాతప్రతిని రిపాజిటరీలో (పేపర్లు భద్రపరిచే ఆన్‌లైన్ భాండాగారంలో) పెడితే గ్రీన్. గోల్డ్ ఒక్కటే ఓపెన్ యాక్సెస్ అనుకుని, డబ్బు లేదని ఆగిపోయేవాళ్ళు చాలామంది. గ్రీన్‌కు కాస్త ముందుచూపు ఉంటే చాలు.

మన రంగంలో పెద్ద సంఘాల చందా పత్రికలకు ఓపెన్ యాక్సెస్ చెల్లెళ్ళు ఉన్నాయి. అమెరికా లివర్ సంఘం ఏఏఎస్‌ఎల్‌డీకి హెపటాలజీ పక్కన 2017లో మొదలైన హెపటాలజీ కమ్యూనికేషన్స్ ఉంది. ఐరోపా సంఘం ఈఏఎస్‌ఎల్‌కు జర్నల్ ఆఫ్ హెపటాలజీ పక్కన 2019లో వచ్చిన జేహెచ్‌ఈపీ రిపోర్ట్స్ ఉంది. కొరియా లివర్ సంఘం క్లినికల్ అండ్ మాలిక్యులర్ హెపటాలజీని, మెక్సికో సంఘం యానల్స్ ఆఫ్ హెపటాలజీని ఓపెన్ యాక్సెస్ పత్రికలుగానే నడుపుతున్నాయి. పెద్ద పత్రిక వద్దన్నప్పుడు "చెల్లెలి పత్రికకు బదిలీ చేస్తాం, ఒప్పుకుంటారా" అని మెయిల్ వస్తుంది. రివ్యూయర్ల అభిప్రాయాలు కూడా వెంట వెళ్తాయి కాబట్టి సమయం బాగా కలిసొస్తుంది. కానీ పెద్ద పత్రిక హైబ్రిడ్, అక్కడ కట్టకుండా వేయించుకునే వీలుంది. చెల్లెలి పత్రిక పూర్తి గోల్డ్, అక్కడ ఫీజు తప్పదు. ఒప్పుకున్నానని నొక్కేముందు ఈ తేడా గుర్తు చేసుకో.

ఫీజు సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. ఇది సాధారణంగా వేల డాలర్లలో ఉంటుంది. నేచర్ 2020లో ఓపెన్ యాక్సెస్ మొదటి ఫీజు ప్రకటించినప్పుడు అది 9,500 యూరోలు. జర్నల్ పేజీలో కనిపించే అంకె మీద పన్నులు, బ్యాంకు మార్పిడి ఖర్చు అదనం. డబ్బు లేనప్పుడు మూడు చోట్ల అడుగు. ఒకటి, నీ గ్రాంటు బడ్జెట్లో ప్రచురణ పద్దు ఉందేమో. రెండు, మీ లైబ్రరీకి ఆ పబ్లిషర్‌తో ఫీజు భరించే ఒప్పందం ఉందేమో. ఈ ఒప్పందాలు సాధారణంగా కరెస్పాండింగ్ ఆథర్ (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే రచయిత) సంస్థను బట్టి వర్తిస్తాయి. ఒప్పందం ఉన్న సంస్థలో పనిచేసే సహరచయిత నిజంగా ఆ పనికి బాధ్యత తీసుకోగలిగితే ఆయన కరెస్పాండింగ్ ఆథర్‌గా ఉండొచ్చు. ఫీజు తప్పించుకోవడానికి పేరు మార్చడం మాత్రం తప్పు, తర్వాత జవాబు చెప్పుకోవలసి వస్తుంది. సబ్‌మిషన్ ఫారంలో సొంత మెయిల్ బదులు సంస్థ మెయిల్ ఇవ్వు, లేకపోతే సిస్టం ఒప్పందాన్ని గుర్తించకపోవచ్చు. మూడోది మినహాయింపు. చాలా పబ్లిషర్లు రీసెర్చ్‌ఫర్‌లైఫ్ (పేద దేశాలకు పరిశోధన పత్రికలు ఉచితంగానో చవకగానో అందించే కార్యక్రమం) జాబితాలో మొదటి గుంపు దేశాలకు పూర్తిగా, రెండో గుంపుకు సగం మాఫీ చేస్తారు. ఆ జాబితాలో లేని దేశాలవాళ్ళు కూడా నిధులు లేవని రాసి అడగవచ్చు. ఎప్పుడు అడగాలన్నదే అసలు కీలకం: సబ్‌మిట్ చేసేటప్పుడే అడుగు. ఇన్‌వాయిస్ వచ్చాక అడిగితే కుదరదని చెప్పే జర్నల్స్ ఎక్కువ.

లైసెన్సు దగ్గర చాలామంది చదవకుండా నొక్కేస్తారు. యాక్సెప్ట్ అయిన కొద్ది రోజులకు ఒక తెర వస్తుంది. అందులో చందా, సీసీ బై, సీసీ బై ఎన్‌సీ, సీసీ బై ఎన్‌సీ ఎన్‌డీ అని గుండ్రటి గళ్ళు వరసగా ఉంటాయి, ఏదో ఒకటి ముందే ఎంపికై ఉండవచ్చు. అక్కడ ఆగు. సీసీ అంటే క్రియేటివ్ కామన్స్, నీ పనిని ఇతరులు ఎలా వాడుకోవచ్చో ముందే చెప్పే లైసెన్సుల వరస. సీసీ బై అంటే నీ పేరు చెప్పి ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చు. ఓపెన్ యాక్సెస్ మీద వచ్చిన 2002 బుడాపెస్ట్ ప్రకటన కోరిన స్వేచ్ఛ దీనికే దగ్గర. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడరాదు. ఎన్‌డీ అంటే మార్చినది పంచరాదు, అనువాదం కూడా మార్పు కిందే లెక్క. సిర్రోసిస్ రోగి ఇంట్లో పాటించవలసిన జాగ్రత్తల మీద నువ్వు పట్టిక వేశావనుకో. ఎన్‌డీ పెట్టి వేస్తే, ఇంకో భాష నర్సు దాన్ని తన రోగుల కోసం అనువదించి పంచడానికి విడిగా అనుమతి కోరాలి. ఎన్‌సీ విషయంలో ఇంకో మెలిక ఉంది. కొన్ని ఒప్పందాల్లో వ్యాపార హక్కు నీ దగ్గర మిగలకుండా పబ్లిషర్ చేతికి పోతుంది, ఆ ఒప్పందం పేరా చదువు. ఒకసారి ఇచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సును వెనక్కి తీసుకోలేం. సహరచయితలందరి ఫండర్ల (పరిశోధనకు డబ్బిచ్చే సంస్థల) నియమాలూ ముందే ఒక కాగితం మీద రాసుకో. ఒక్కరి ఫండర్ సీసీ బై తప్పనిసరి అన్నా పేపర్ మొత్తానికి అదే దారి.

ఇక ఫండర్లు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ డబ్బుతో చేసిన పని అయితే, 2025 జులై 1 నుంచి యాక్సెప్ట్ అయిన రాతప్రతులు ప్రచురణ రోజుకే పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత భాండాగారంలో అందుబాటులో ఉండాలి, 12 నెలల దాకా ఆలస్యం చేయనిచ్చే పాత గడువు పోయింది. ప్లాన్ ఎస్ (ఓపెన్ యాక్సెస్ తప్పనిసరి చేసే ఫండర్ల ఒప్పందం) కింద ఉన్న ఫండర్లు 2021 నుంచి వెంటనే తెరిచి ఉంచాలంటున్నారు, హైబ్రిడ్ ఫీజును సాధారణంగా భరించరు. ఇలాంటి చోట గ్రీన్ దారి పట్టాలంటే కవర్ లెటర్లోనూ కృతజ్ఞతల భాగంలోనూ ఒక వాక్యం ఉండాలి: ఈ సబ్‌మిషన్ నుంచి వచ్చే యాక్సెప్ట్ అయిన రాతప్రతికి రచయితలు సీసీ బై లైసెన్సు వర్తింపజేశారు అని. కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టాక ఈ వాక్యం చేర్చినా ఉపయోగం ఉండదు.

యాక్సెప్ట్ అయిన రాతప్రతి అంటే ఏమిటో స్పష్టంగా తెలుసుకో. రివ్యూయర్లు అడిగిన మార్పులన్నీ చేసి, చివరిసారి పంపిన వర్డ్ ఫైలు అది. పబ్లిషర్ అందంగా పేజీలు కట్టి ఇచ్చిన పీడీఎఫ్ వేరు, గ్రీన్ దారిలో దాన్ని రిపాజిటరీలో పెట్టడానికి సాధారణంగా హక్కు ఉండదు. ఆ వర్డ్ ఫైలు పేరులో తేదీ వేసి, బొమ్మలతో సహా, యాక్సెప్ట్ మెయిల్ వచ్చిన రోజే ఒక ఫోల్డర్లో పెట్టు. రాతప్రతిని బయట పెట్టడానికి జర్నల్ పెట్టిన గడువు ఏడాది తర్వాత తీరేసరికి ఫెలో వెళ్ళిపోయి, ఏది చివరి ప్రతో ఎవరికీ తెలియక, గ్రీన్ అవకాశం పోయిన పేపర్లు కోకొల్లలు.

ప్రీప్రింట్ (సమీక్షకు ముందే అందరికీ చూపే ప్రతి) పెట్టాలనుకుంటే క్లినికల్ పనికి మెడ్‌ఆర్‌కైవ్, ల్యాబ్ పనికి బయోఆర్‌కైవ్. మెడ్‌ఆర్‌కైవ్ కేసు రిపోర్టులు తీసుకోదు, ఎథిక్స్ కమిటీ అనుమతి వివరం అడుగుతుంది, జర్నల్ యాక్సెప్ట్ చేయకముందే పెట్టాలంటుంది. మోతాదు మార్చమనో మందు ఆపమనో చెప్పే ఫలితం అయితే, సమీక్ష జరగని పేపర్ చదివి ఎవరైనా వైద్యం మార్చేస్తారేమో ఆలోచించి పెట్టు.

దొంగ జర్నల్స్ గురించి. "మీ విశిష్ట పరిశోధనను ఆహ్వానిస్తున్నాం, వారంలో ప్రచురిస్తాం" అని మెయిల్ వస్తే తొలగించు. లివర్ పేపర్‌కు తగిన ఇద్దరు రివ్యూయర్లను వెతకడానికే వారం చాలదు. అనుమానం ఉంటే జర్నల్ సైటులోని బ్యాడ్జీలు చూసి నమ్మకు, బయటి నుంచి తనిఖీ చెయ్యి. పూర్తి ఓపెన్ యాక్సెస్ పత్రికలకు డీఓఏజే జాబితా ఉంది. హైబ్రిడ్ పత్రికలు అందులో ఉండవు, అది లోపం కాదు. పబ్‌మెడ్‌లో ఒక పేపర్ కనిపించినంత మాత్రాన ఆ జర్నల్ మెడ్‌లైన్ అనే ఎంపిక చేసిన వైద్య పత్రికల సూచికకు ఎంపికైనట్టు కాదు. ఫండర్ నియమం కోసం రచయిత విడిగా రాతప్రతి జమ చేసినా ఆ పేపర్ పబ్‌మెడ్‌లోకి వస్తుంది. అందుకే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం ఎన్‌ఎల్‌ఎం కేటలాగ్‌లో జర్నల్ పేరు వెతికి, ప్రస్తుతం మెడ్‌లైన్‌లో ఉందని రాసి ఉందో లేదో చూడు. అసలు పత్రిక పేరుతో నకిలీ సైట్లు నడిపేవాళ్ళూ ఉన్నారు. సెర్చ్‌లో పైకొచ్చిన లింకు వదిలేసి, ఆ కేటలాగ్ ఇచ్చిన లింకు నుంచే వెళ్ళు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. తలుపు తెరిచి ఉన్నా లోపల సరుకు వాడుకోలేకపోతే అది తెరిచినట్టు కాదు. నీ డ్రాఫ్టులో "ఎఫ్‌ఐబీ-4 లెక్కించాం" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. అది రక్త పరీక్షలతో ఫైబ్రోసిస్‌ను అంచనా వేసే స్కోరు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనేవి అందులోని లివర్ ఎంజైములు. వయసును ఏఎస్‌టీతో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్య, ఏఎల్‌టీ వర్గమూలం రెండిటి లబ్ధంతో భాగించాలి. 55 ఏళ్ళు, ఏఎస్‌టీ 60, ఏఎల్‌టీ 49, ప్లేట్‌లెట్లు 150 (వేలల్లో) అనుకో. 3,300ను 1,050తో భాగిస్తే 3.14, అంటే 2.67 దాటింది, ముదిరిన ఫైబ్రోసిస్ అనుమానించాలి. స్ప్రెడ్‌షీట్లో వర్గమూలం మరిచిపోతే 3,300ను 7,350తో భాగిస్తావు, 0.45 వస్తుంది. 1.3 కంటే తక్కువ కాబట్టి అదే మనిషి "ప్రమాదం లేదు" గుంపులో కూర్చుంటాడు. ప్లేట్‌లెట్లను 150కి బదులు 1,50,000 అని వేస్తే ఏకంగా 0.003. సూత్రం, యూనిట్లు, కటాఫ్‌లు, 65 ఏళ్ళు దాటినవారికి 1.3కు బదులు 2.0 వాడావా లేదా అన్నది మెథడ్స్‌లో రాయి, లెక్క ఫైలు జత చెయ్యి.

లివర్ గట్టిదనాన్ని కొలిచే స్కాన్ ఎలాస్టోగ్రఫీ కూడా అంతే. ఎన్ని గంటలు పరగడుపున ఉంచారు, వాడినది ఎం ప్రోబా పెద్దదైన ఎక్స్‌ఎల్ ప్రోబా, సరైన కొలతలు కనీసం 10 ఉన్నాయా, ఐక్యూఆర్‌ను (కొలతల్లో మధ్య సగం ఎంత విస్తరించిందో చెప్పే అంకెను) మీడియన్‌తో భాగిస్తే 30 శాతం లోపు ఉందా, పనికిరాని స్కాన్లు ఎన్ని పక్కన పెట్టారు, అన్నీ చెప్పు. తిన్న తర్వాత లివర్ గట్టిదనం ఎక్కువ చూపిస్తుంది, ఏఎల్‌టీ బాగా పెరిగినప్పుడూ అంతే. బయాప్సీకి ముక్క పొడవు మిల్లీమీటర్లలో, పోర్టల్ ట్రాక్టులు (రక్తనాళాలు, పిత్తనాళం కలిసి ఉండే చోట్లు) ఎన్ని, చదివినవారికి రోగి వివరాలు తెలుసా, ఏ స్కోరు వాడారో రాయి. మెటావిర్ 0 నుంచి 4 దాకా, ఇషాక్ 0 నుంచి 6 దాకా. ఒట్టిగా "3వ దశ" అని రాస్తే రెండిటిలో ఏదో పాఠకుడు ఊహించుకోవాలి. లివర్ జబ్బు తీవ్రతను చెప్పే మెల్డ్ స్కోరు వాడితే అది మామూలు మెల్డా, మెల్డ్ సోడియమా, మెల్డ్ 3.0నా చెప్పు.

పేరు మార్పు మరిచిపోకు. 2023లో ఫ్యాటీ లివర్ జబ్బు పాత పేరు ఎన్‌ఏఎఫ్‌ఎల్‌డీ స్థానంలో ఎంఏఎస్‌ఎల్‌డీ వచ్చింది. దానికి కొవ్వుతో పాటు బరువు, చక్కెర, రక్తపోటు లాంటి ఐదు కార్డియోమెటబాలిక్ అంశాల్లో కనీసం ఒకటి ఉండాలి, మద్యం వారానికి ఆడవారికి 140 గ్రాములు, మగవారికి 210 గ్రాముల లోపు. నీ రోగులను పాత నిర్వచనంతో చేర్చుకుని, డ్రాఫ్టులో పేరు మాత్రం మార్చావు. రివ్యూయర్ మొదట పట్టుకునేది అదే. కొత్త ప్రమాణంతో ఎందరు మిగిలారో లెక్కించి చూపించు. అబ్‌స్ట్రాక్టులో, కీవర్డుల్లో రెండు పేర్లూ పెట్టు, లేకపోతే వెతికేవాళ్ళలో కొందరికి నీ పేపర్ దొరకదు.

డేటా విషయానికి వస్తే, జెనోడో రిపాజిటరీలో ఒక్కో రికార్డుకు 50 జీబీ దాకా ఉచితంగా పెట్టొచ్చు, డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) ముందే కేటాయించుకుని రాతప్రతిలో చేర్చొచ్చు. జీన్ ఎక్స్‌ప్రెషన్ డేటా అయితే జీఈఓ రిపాజిటరీ. రోగుల పట్టిక పెట్టేముందు పేర్లు తీసేస్తే సరిపోతుందనుకోకు. ట్రాన్స్‌ప్లాంట్ తేదీ, వయసు, విల్సన్ వ్యాధి లాంటి అరుదైన నిర్ధారణ, ఈ మూడూ కలిస్తే మనిషి ఎవరో తెలిసిపోతుంది. తేదీలను ఆపరేషన్ నుంచి ఎన్నో రోజు అన్న లెక్కలోకి మార్చు, వయసును గుంపులుగా చెయ్యి. అసలు సమ్మతి పత్రంలో డేటా పంచుకోవడానికి రోగి ఒప్పుకున్నారో లేదో ముందు చూడు. లేకపోతే నియంత్రణతో ఇచ్చే రిపాజిటరీ వాడు, డేటా స్టేట్‌మెంట్లో ఆ మాటే నిజాయితీగా రాయి.

వేరే పేపర్ నుంచి తెచ్చిన బొమ్మలకు అనుమతి తీసుకో. లివర్ క్యాన్సర్ రాసేవాళ్ళు బార్సిలోనా స్టేజింగ్ చార్టును అలాగే అతికిస్తుంటారు. సొంతంగా గీసి మూలాన్ని పేర్కొనడం మేలు. అనుమతితో వేసుకున్న బొమ్మ అయితే, అది సీసీ బై కిందికి రాదని శీర్షికలోనే రాయి.

ప్రూఫులు (ప్రచురణకు ముందు సరిచూడమని పంపే పేజీలు) వచ్చినప్పుడు రెండు మూడు రోజులే గడువు ఇస్తారు. పట్టికల్లో యూనిట్లు, తక్కువ ఎక్కువ గుర్తులు, నీ ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు) సంఖ్య, ఫండర్ పేరు, మొదటి పేజీ అడుగున లైసెన్సు వాక్యం చూడు. ప్రచురణ అయిన రోజు సంస్థ నెట్‌వర్క్ ఆపి, ఫోన్ డేటాతో పేపర్ తెరువు. డబ్బు అడిగినా, లైసెన్సు వేరేది కనిపించినా, ఇన్‌వాయిస్ నంబరూ ఒప్పుకున్న ఫారం కాపీ జత చేసి అదే రోజు ప్రొడక్షన్ విభాగానికి రాయి. పబ్‌మెడ్ సెంట్రల్లో రావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. వచ్చాక అక్కడ పేపర్‌కు ఇచ్చిన నంబరు గ్రాంటు నివేదికలో చేర్చు. డ్రాఫ్టులో ఎఫ్‌ఐబీ-4 పేరా, పాత పేరు కొత్త పేరు లెక్క ముందు సరిచేసి పంపు, జర్నల్ పేరు ఆ తర్వాత కూర్చుని తేల్చుదాం.