ప్రైవేటు స్కూలు మానేశాక డీఎస్సీ దాకా ఉన్న ఖాళీలో హాబీలూ, చర్చి పనీ వదిలేయాలా?

మీరు అడిగింది ఇది: బీఈడీ ఫిజికల్ సైన్స్ చేసి, ఏడాది ప్రైవేటు స్కూల్లో చెప్పి ఏప్రిల్లో మానేశారు. చేత్తో సైన్సు బొమ్మలు చేయడం ఇష్టం, ఆదివారం చర్చిలో సండేస్కూల్ పిల్లలకు చెప్తారు. ఇంట్లోవాళ్లేమో అవన్నీ కట్టిపెట్టి డీఎస్సీకి, అంటే సర్కారు టీచర్ల నియామక పరీక్షకు, చదువుకో అంటున్నారు.

కట్టిపెట్టకండి. ఆ రెండూ మీ పాఠం చెప్పే చెయ్యిని ఆడిస్తూ ఉంచుతాయి. మూడొంతులు టైము చదువుకే ఇవ్వండి, కానీ లెక్క చూసుకుని చదవండి. ఆంధ్రలో స్కూల్ అసిస్టెంటు (హైస్కూలు సబ్జెక్టు టీచరు) పోస్టుకు వందలో డీఎస్సీ పరీక్షకు 80 మార్కులు, టెట్ (టీచరు అర్హత పరీక్ష) వెయిటేజీకి 20. అంటే 150కి రాసే టెట్‌లో ప్రతి ఏడున్నర మార్కులకీ ఇక్కడ ఒక మార్కు. 105 దగ్గర ఆగినవాళ్లు 120 తెచ్చుకుంటే రెండు మార్కులు కలిసొస్తాయి. ఒక్కో ప్రశ్నకు అర మార్కు ఉండే డీఎస్సీలో అది నాలుగు ప్రశ్నలతో సమానం. టెట్‌లో సైన్సువాళ్లు పోగొట్టుకునేది సైన్సులో కాదు. సైకాలజీ 30, తెలుగు 30, ఇంగ్లిష్ 30 కలిపి 90 మార్కులు సైన్సుకు బయటే ఉన్నాయి. సంధులు, సమాసాలు, ఛందస్సు రోజుకో గంట పట్టండి, నెలలోనే తేడా తెలుస్తుంది. వారానికోసారి రెండున్నర గంటలు కదలకుండా కూర్చుని పాత పేపరు రాయండి. నోటిఫికేషన్ పడ్డాక చూద్దాం అనుకోవద్దు. 2025లో ఏప్రిల్ 20న నోటిఫికేషన్ ఇచ్చి జూన్ 6న పరీక్షలు మొదలుపెట్టారు. ఏడు వారాల్లో సిలబస్ తిరగేయగలరు గానీ కొత్తగా నేర్చుకోలేరు.

ఇంతకీ మానేసిన స్కూలు నుంచి ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికొచ్చాయా? కొన్ని యాజమాన్యాలు చేరేటప్పుడు మార్కుల మెమోలు, ప్రొవిజినల్ తీసుకుని బీరువాలో పెట్టేసుకుంటాయి. వేసవి జీతం ఎగ్గొట్టి, సర్టిఫికెట్లకు జూన్‌లో రండి అంటాయి. కుర్ర టీచర్లను ఇలా తిప్పడం చాలా అన్యాయం. సర్టిఫికెట్లు ఇమ్మని అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదాని మీద స్కూలువాళ్లతో తేదీతో సంతకం వేయించుకోండి. అనుభవ పత్రంలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ తరగతులకు, ఏ సబ్జెక్టు చెప్పారో ఉండాలి. "బాగా పనిచేశారు" అన్న ఒక్క ముక్కతో పని జరగదు.

ఇక బొమ్మల సంగతి. పది రకాలు సగం సగం చేసేకన్నా ఒకటి పక్కాగా చేయండి. గాల్లో తేలే పెన్సిల్‌తో మొదలుపెట్టమంటాను. పుణెలో పిల్లల సైన్సు కేంద్రం నడిపిన అరవింద్ గుప్తా దీన్ని దేశమంతా పాకించారు. ఆరు రింగు అయస్కాంతాలు, చెక్కిన పెన్సిల్, పాత హవాయి చెప్పు, సీడీ ముక్క, సైకిల్ ట్యూబు పీలికలు చాలు. ముందు ఆరు అయస్కాంతాలనూ ఒకదాని మీద ఒకటి పేర్చి, పైనుంచి తీస్తూ ఒక్కోదాని పై ముఖాన మార్కర్‌తో చుక్క పెట్టండి. చుక్కలన్నీ ఒకే ధ్రువం. ట్యూబు పీలిక చుట్టి రెండింటిని పెన్సిల్‌కు బిగించండి, మధ్య ఎడం ఐదారు సెంటీమీటర్లు. అదే ఎడంతో చెప్పులో రెండు చోట్ల గాడి కోసి, ఒక్కో చోట రెండేసి అయస్కాంతాలు పక్కపక్కన నిలబెట్టండి. పెన్సిల్ మీదివీ చెప్పులోవీ చుక్కలన్నీ ఒకే వైపు చూడాలి. ఒక్కటి తిరగబడినా పెన్సిల్ ఠక్కున కిందికి అతుక్కుంటుంది. పక్కపక్కనున్నవి ఒకదాన్నొకటి నెడతాయి కాబట్టి గాడి వదులైతే లేచొచ్చేస్తాయి, బిగువుగా కోయండి.

అందరూ విసుగెత్తి వదిలేసేది దీని తర్వాతే. పెన్సిల్ పైకి లేస్తుంది గానీ ముందుకో వెనక్కో జారిపోతుంది. అయస్కాంతాలు సరిగ్గా ఎదురెదురుగా ఉంటే ఆ దిశలో నిలకడ ఉండదు. అందుకే చెప్పు చివర సీడీ ముక్క గుచ్చి, పెన్సిల్ మీది రింగుల్ని సీడీ వైపు రెండు మిల్లీమీటర్లు జరపండి. ముక్కు సీడీకి ఆనుకుని నిలుస్తుంది. వేళ్లతో తిప్పి వదిలితే చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. 8వ తరగతి ఘర్షణ పాఠానికి ఇంతకన్నా మంచి మొదలు లేదు. ఎందుకు ఆగట్లేదని పిల్లలే అడుగుతారు.

సండేస్కూల్ గురించి. ఐదేళ్లవాళ్లూ పన్నెండేళ్లవాళ్లూ ఒకే చాప మీద కూర్చునే ఆ క్లాసు, రేపు మీరు చూడబోయే ఏ తరగతికన్నా కష్టమైనది. కథ ఏడెనిమిది నిమిషాలు దాటనివ్వకండి, చిన్నవాళ్లు లేచిపోతారు. కంఠత వాక్యాన్ని, అంటే పిల్లలు నోటికి నేర్చుకునే బైబిలు వాక్యాన్ని, బోర్డు మీద రాసి, చెప్పించిన ప్రతిసారీ ఒక్కో మాట చెరిపేయండి. ఐదారుసార్లకు బోర్డు ఖాళీ అవుతుంది, వాక్యం నోటికొస్తుంది. ఇదే పద్ధతిలో స్కూల్లో వేగం నిర్వచనమో, ఓమ్ నియమమో చెప్పించవచ్చు. ఉద్యోగం ఇస్తే ఫలానాది చేస్తానని దేవుడితో బేరం మాత్రం పెట్టుకోకండి. ఫలితం రాని ఏడాది ఉద్యోగంతోపాటు విశ్వాసం కూడా దెబ్బతింటుంది. రోజూ ఒకే వేళకు, పావుగంటైనా, ఏమీ అడగని ప్రార్థన చేయండి. ఉపవాస ప్రార్థన ఉంటే పరీక్ష రోజున పెట్టుకోకండి, చివరి గంటలో చదివిన ప్రశ్నే మళ్లీ చదువుతారు. సర్కారు బడిలో చేరాక రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం మత బోధన కుదరదు. కథ చెప్పే తీరు, పాట, ఓర్పు మీతో వస్తాయి, వాక్యం చర్చిలోనే ఉంటుంది.

ఆదివారం ఆ పెన్సిల్ పట్టుకెళ్తే అయస్కాంతాలన్నిటినీ ఒకే సంచిలో వేయకండి. ఒకదానికొకటి కొట్టుకుని అంచులు పెచ్చులూడతాయి. పెన్సిల్‌ను వేరుగా, చెప్పును వేరుగా మందపాటి న్యూస్‌పేపర్లో చుట్టి తీసుకెళ్లండి.