అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో దెబ్బ తగిలినవాళ్లకు ఇంకో ఏడాది ఆడే అవకాశం ఇవ్వడం న్యాయమేనా?

న్యాయమే. ఇప్పుడు ఇస్తున్నదానికంటే ధారాళంగా ఇవ్వాలి కూడా. ప్రశ్న అడిగినాయన "ఏడేళ్లు, తొమ్మిదేళ్లు కాలేజీలోనే ఉండిపోయి ఆడితే కొత్త పిల్లలకు చోటెక్కడ?" అని కూడా అడిగారు. దాని సంగతి చివర్లో చెప్తాను. ముందు నేను కళ్లారా చూసింది చెప్పాలి.

2017లో ఎం.ఎస్. చదువుతూ, మా యూనివర్సిటీ ఆటగాళ్లకు స్టాటిస్టిక్స్ చెప్పే ట్యూటర్‌గా పనిచేశాను. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించి పనిచేయకూడదు. మనవాళ్లలో చాలామంది ఆ 20 గంటలూ డైనింగ్ హాల్లో గిన్నెలు కడుగుతుంటే, నాకు ఏసీ గదిలో, వైట్‌బోర్డు ముందు పని దొరికింది. చేరిన రోజే పెద్ద క్లాసు పీకారు. ఆటగాళ్ల అసైన్‌మెంట్ మీద మన పెన్ను పడకూడదు, వాళ్లను మన కారెక్కించుకోకూడదు, కాఫీ కూడా కొనిపెట్టకూడదు. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంఘం) రూల్స్ అట. వాళ్ల ఆట మీద యూనివర్సిటీ కోట్లు సంపాదించుకోవచ్చు, నేను మాత్రం నా డబ్బాలో పులిహోర రెండు చెంచాలు పెట్టకూడదు!

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఒక లైన్‌బ్యాకర్ (ఎదుటి జట్టువాళ్లను గుద్ది ఆపే ఆటగాడు) ఉండేవాడు. పేరు చెప్పను. స్టారేమీ కాదు, కిక్‌ఆఫ్ అప్పుడు, అంటే బంతిని తన్ని ఆట మొదలుపెట్టేటప్పుడు, ఎదురుగా పరిగెత్తి వెళ్లి గుద్దే గుంపులో ఒకడు. మొదటి ఏడాది భుజానికి ఆపరేషనై అసలు దిగలేదు. తర్వాత మూడు సీజన్లు ఆడాడు. అది ఐదో ఏడాది. ఐదో మ్యాచ్‌లో మోకాలి లోపలుండే లిగమెంటు, ఏసీఎల్, తెగింది.

తర్వాతి వారం చంకకర్రలతో వచ్చాడు. తొడ నుంచి పిక్క దాకా నల్లటి బ్రేసు. ఇంకో కుర్చీ లాక్కుని, ఆ కాలిని రెండు చేతులతో ఎత్తి దానిమీద పెట్టుకున్నాడు. ఆ రోజు మేం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్స్ చేయాలి. పుస్తకం తీయలేదు. బ్యాగులోంచి ఫ్రిజ్ మీద అంటించుకునే సీజన్ షెడ్యూల్ కార్డు తీసి టేబుల్ మీద పెట్టి, "పన్నెండులో 30 శాతం ఎంత?" అని అడిగాడు.

అడగడానికి కారణం ఉంది. కాలేజీలో చేరాక ఐదేళ్ల గడియారం మొదలవుతుంది, అందులో నాలుగు సీజన్లు ఆడొచ్చు. దెబ్బ తగిలి పోయిన సీజన్‌ను లెక్కలోంచి తీసేయాలంటే మూడు షరతులు. దెబ్బ సీజన్ మొదటి సగంలోనే తగలాలి. ఇక ఆ సీజన్‌లో దిగలేనంత పెద్దదై ఉండాలి. అప్పటికి ఆడినవి మొత్తం మ్యాచ్‌లలో 30 శాతం దాటకూడదు. ఆరో ఏడాది కావాలంటే మాత్రం, తన చేతిలో లేని కారణాలతో రెండు సీజన్లు పోయాయని చూపించాలి. భుజంతో ఒకటి పోయింది. మోకాలితో పోయింది రెండోది అవుతుందా లేదా అన్నదే అతని టెన్షన్.

బోర్డు మీద రాశాను. 12లో 30 శాతం 3.6. భిన్నం వస్తే ఎన్‌సీఏఏ పైకి లెక్కేస్తుంది కాబట్టి నాలుగు. కార్డు మీద అతను ఒక్కో మ్యాచ్ దగ్గరా పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. నాలుగు టిక్కుల తర్వాత ఐదో దాని దగ్గర పెన్ను ఆగింది. "ఇది ఆడలేదు. ఒక్క ప్లే. దిగాను, కాలు పోయింది, అంతే" అన్నాడు.

ప్లే అంటే బంతి కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా, కొన్ని సెకన్ల ఆట. రూలుకి ఒక్క ప్లే ఆడినా మ్యాచ్ ఆడినట్టే. అంటే అతని మోకాలు విరగ్గొట్టిన ఆ ఒక్క ప్లేనే అతన్ని గీత దాటించింది. నాలుగో మ్యాచ్‌లో తెగి ఉంటే ఇంకో ఏడాది అడగొచ్చు, ఐదో మ్యాచ్‌లో తెగింది కాబట్టి వద్దు. కాలు అదే, ఆపరేషన్ అదే, మళ్లీ పరిగెత్తడానికి పట్టే నెలలూ అవే.

పైగా అప్లికేషన్ ఆటగాడు సొంతంగా పెట్టుకోవడానికి లేదు, కాలేజీయే పంపాలి. ఇతని ఫైలు పంపినా లాభం లేదని అక్కడి ఆఫీసువాళ్లు మాటల్లోనే తేల్చేశారు. అదే జట్టు ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ అయితే ఆ సాయంత్రానికల్లా ఫైలు కదిలేది, నాకు ఏ అనుమానమూ లేదు. ఇతను డిసెంబర్లో డిగ్రీ తీసుకుని వెళ్లిపోయాడు. స్టాటిస్టిక్స్‌లో బి వచ్చింది. శాతాలైతే జన్మలో మర్చిపోడు.

శాతాల పిచ్చి మనకూ తక్కువేం లేదు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో 75 శాతం అటెండెన్స్ ఉండాలి, 65 దాకా ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. నా హాస్టల్ రూమ్మేట్‌కి నిజంగా టైఫాయిడ్ వచ్చింది. 64 దగ్గర ఆగిపోయి డిటెయిన్ అయ్యాడు. సెమిస్టరంతా సినిమాలకు తిరిగి 66 తెచ్చుకున్న ఇంకొకడు సర్టిఫికెట్ కొనుక్కొచ్చి దర్జాగా పరీక్ష రాశాడు. జబ్బుని వదిలేసి అంకెను చూస్తే ఎక్కడైనా జరిగేది ఇదే.

ఇక తొమ్మిదేళ్ల సంగతి. క్యామ్ మెకార్మిక్ అనే టైట్ ఎండ్ (బంతి అందుకుంటూ, ఎదుటివాళ్లను అడ్డుకునే ఆటగాడు) 2016లో ఒరెగాన్‌లో చేరి, 2024లో మయామీ తరఫున తొమ్మిదో ఏడాది ఆడాడు. తాతయ్య వచ్చాడని జోకులేసుకున్నవాళ్లు ఒక్కసారి లెక్క చూడాల్సింది. మొదటి ఏడాది ఆడించలేదు. 2017లో ఆడాడు. 2018 మొదటి మ్యాచ్‌లోనే కాలు విరిగింది, ఆ కాలితోనే 2019, 2020 కూడా పోయాయి. కోలుకుని 2021లో దిగితే రెండో మ్యాచ్‌లో మడమ దగ్గర అకిలిస్ తెగింది. ఆ తర్వాత 2022, 2023, 2024 ఆడాడు. తొమ్మిదేళ్లలో ఆడింది నాలుగు సీజన్లే. అందరికీ ఇచ్చేదీ ఆ నాలుగే కదా! 2020 సీజన్‌నైతే కరోనా పేరుతో ఎవరికీ లెక్కించలేదు. ఏ దెబ్బా తగలకుండా ఆడినవాళ్లకు కూడా ఏడాది ఊరికే కలిసొచ్చింది. అప్పుడు ఆకాశమేం విరిగిపడలేదు.

ఈ ఏడాది కోసం ఇంత పాకులాట ఎందుకంటే, చాలాకాలం వాళ్లకు దక్కే పరిహారం దాదాపు అదొక్కటే. ఫ్యాక్టరీలో చెయ్యి పోతే కార్మికుడికి నష్టపరిహారం వస్తుంది. కాలేజీ ఆటగాడు ఉద్యోగి కాడు కాబట్టి రాదు. 1974లో టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) తరఫున అలబామాతో ఆడుతూ వెన్నుకు దెబ్బ తగిలి, శరీరం చచ్చుబడిపోయిన కెంట్ వాల్‌డ్రెప్ ఈ హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడాడు. అతను ఉద్యోగి కాదని టెక్సస్ అప్పీల్ కోర్టు 2000లో తేల్చేసింది. ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన కేసులో 2025లో వచ్చిన రాజీ, హౌస్ సెటిల్‌మెంట్‌తో కాలేజీలు నేరుగా ఆటగాళ్లకు డబ్బివ్వడం మొదలైంది. అన్ని ఆటలకూ కలిపి ఒక్కో కాలేజీ మొదటి ఏడాదికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచొచ్చన్నారు. అంటే ఇప్పుడు సీజన్ పోతే ఆటతోపాటు డబ్బూ పోయినట్టే. లాయర్లను పెట్టుకోగలిగినవాళ్లు కోర్టు మెట్లెక్కుతున్నారు. వాండర్‌బిల్ట్ క్వార్టర్‌బ్యాక్ డియెగో పావియాకు అసలు దెబ్బే తగల్లేదు. జూనియర్ కాలేజీలో (మన ఇంటర్ కాదు, హైస్కూల్ తర్వాత రెండేళ్లు చదివే కాలేజీ) ఆడిన ఏళ్లను లెక్కించకూడదని 2024 డిసెంబర్లో కోర్టు ఆర్డరు తెచ్చుకుని, 2025లో ఆడాడు. కిక్‌ఆఫ్ గుంపులో పరిగెత్తేవాడికి లాయరెక్కడ?

నన్నడిగితే మార్చాల్సినవి రెండే. దెబ్బ తగిలిన మ్యాచ్‌ను లెక్కలోకి తీసుకోకూడదు. అప్లికేషన్ పెట్టే హక్కు ఆటగాడికే ఇవ్వాలి, వెంట డాక్టర్ రిపోర్టు ఉంటే చాలు.

కొత్త పిల్లల చోటు అన్నారు కదా. సెటిల్‌మెంట్ తర్వాత జట్టుకి 105 మంది అని పరిమితి పెట్టిన మాట నిజమే, చోటు తగ్గిందీ నిజమే. కానీ ఆ చోటుని కాలు విరిగినవాడు తినేయడం లేదు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోంచి, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరిచ్చుకునే జాబితాలోంచి, కోచ్‌లు ఏటా పది, ఇరవై మంది తయారైన ఆటగాళ్లను తెచ్చుకుంటున్నారు. హైస్కూల్ పిల్లల స్కాలర్‌షిప్పులు అక్కడ పోతున్నాయి. ముందు ఆ కోచ్‌లను అడగండి.