రంపానికి స్మార్ట్ ప్లగ్గా?

ప్రశ్న: మారతహళ్లిలో ఉంటాం. బాల్కనీలో సరదాగా వడ్రంగి పని చేస్తుంటాను. 1800 వాట్ల టేబుల్ సాను (బల్లకు బిగించిన కరెంటు రంపం) ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గుకు పెట్టాను. ఇది రెండోది, ఇదీ పోయేలా ఉంది. యాప్‌లో ఆఫ్ అని కనిపిస్తున్నా రంపం తిరుగుతూనే ఉంది. ఏ ప్లగ్గు కొనమంటారు?

జవాబు: ఏదీ వద్దు. గ్రైండరుకో, ప్లేనరుకో వీటిని తగిలించి ఇదే గోడు రాసేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. 230 వోల్టుల దగ్గర మీ సా తీసుకునేది 8 ఆంపియర్ల లోపే, లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ 16 గీజరు లాంటి వాటికి చెప్పిన అంకె. మోటారు అందుకునే క్షణంలో మామూలుగా తీసుకునేదానికి కొన్ని రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకు ప్లగ్గు లోపలి రిలేలో (కరెంటును కలిపి, విడదీసే చిన్న స్విచ్) కాంటాక్టులు కరిగి అతుక్కుపోతాయి. ఇక ఫోన్ ఎంత నొక్కినా లాభం లేదు. చాలా యాప్‌లు చూపించేది తాము పంపిన ఆదేశాన్నే. అవతల కరెంటు నిజంగా ఆగిందో లేదో వాటికి పట్టదు.

ప్లగ్గు బాగున్నా నాకు భయమే. కరెంటు వచ్చాక పాత స్థితికి వెళ్లాలనే సెట్టింగు ఒకటుంటుంది. బెంగళూరులో కరెంటు ఎలా వచ్చిపోతుందో మీకు చెప్పాలా? అది పోయిందని బ్లేడులో ఇరుక్కున్న చెక్కముక్కను వేళ్లతో లాగుతుంటారు, అంతలో వచ్చేస్తుంది. లేదా హాల్లో పిల్లాడు స్మార్ట్ స్పీకరుతో 'అన్నీ ఆన్ చెయ్' అంటాడు. పాత పాస్‌వర్డే వాడారా, మీ రంపం స్విచ్ ఊరూపేరూ తెలియనివాడి చేతిలోనూ ఉన్నట్టే. అప్‌డేట్ పేరుతో ఈ సెట్టింగులను చెప్పాపెట్టకుండా మార్చేవాళ్లకు ఒక్కరోజైనా రంపం ముందు నిలబడే పని పెట్టాలి.

మీకు కావలసింది నో-వోల్ట్ స్విచ్. కరెంటు పోగానే తనంతట తానే విడిపోతుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కితే తప్ప కలవదు. మీ రంపానికి అది లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేసి నేరుగా గోడలోని 16 ఆంపియర్ల సాకెట్‌కే ఇవ్వండి. ఎర్త్ పిన్నును ఎగ్గొట్టే టూ-పిన్ అడాప్టర్ జోలికి పోవద్దు. ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్, కాపాడేది వైర్లను. మనిషికి షాక్ కొట్టినప్పుడు పనికొచ్చేది, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఇంట్లో ఉంటే దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి. నొక్కినా అది ట్రిప్ అవకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి బాగుచేయించేదాకా రంపం ముట్టుకోవద్దు.

బ్లేడు మార్చేటప్పుడు మాత్రం ఏ స్విచ్‌నూ నమ్మకండి, ప్లగ్గు పీకేయండి. ఆ అతుక్కుపోయిన ప్లగ్గును ఫోన్ ఛార్జరుకైనా వాడదామని దాచుకోవద్దు, ఈ-వేస్ట్‌లో పడేయండి.