టెక్ సందేహాలు: సిగ్నల్ వచ్చి పోతుంటే ఫైళ్లు తెరుచుకునేదెలా?

ప్రశ్న: పనిమీద తరచూ పాడేరు, అరకు వెళ్తుంటాను. లాప్‌టాప్‌లో ఫైళ్లన్నీ వన్‌డ్రైవ్‌లోనే (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్). ఘాట్‌రోడ్డు ఎక్కాక ఎక్సెల్ తెరిస్తే గిర్రున తిరుగుతూనే ఉంటుంది. ఏం చేయాలి?

జవాబు: ఫైలు పేరు కనిపించినంత మాత్రాన అది మీ డిస్కులో ఉన్నట్టు కాదు. పక్కన నీలం మబ్బు గుర్తుంటే మీ దగ్గరున్నది పేరే, సరుకంతా సర్వర్‌లో. ఇంట్లో వైఫై ఉండగానే ఆ ఫోల్డర్‌పై రైట్‌క్లిక్ చేసి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ నొక్కండి. నిండు ఆకుపచ్చ వృత్తంలో తెల్ల టిక్కు పడేదాకా లాప్‌టాప్ మూయకండి. తెల్ల వృత్తంలో ఆకుపచ్చ టిక్కున్నా ఫైలు తెరుచుకుంటుంది గానీ, స్టోరేజ్ సెన్స్ (డిస్కులో చోటు ఖాళీ చేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే విండోస్ దాన్ని మళ్లీ మబ్బుల్లోకి పంపేయొచ్చు.

సిగ్నల్ బొత్తిగా లేకపోతే పెద్ద ఇబ్బంది లేదు. ఒక్క గీత వచ్చి పోతుంటేనే తంటా. లైను తెగిందో లేదో తేలక ప్రోగ్రాం సర్వర్ జవాబు కోసం కాచుక్కూర్చుంటుంది. అలాంటప్పుడు హాట్‌స్పాట్ ఆపేసి పని చేసుకోండి. నెట్ దొరికాక మార్పులు వాటంతటవే ఎక్కుతాయి.

ఇదేం కొత్త ఉపాయం కాదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఎం.సత్యనారాయణన్ బృందం 1987లో మొదలుపెట్టిన ‘కోడా’ ఫైల్ సిస్టమ్ చేసిందీ ఇదే: కావాల్సినవి ముందే కూడబెట్టుకోవడం, లైను లేనప్పుడు ఆ కాపీల మీదే పనిచేయడం, కలిశాక మార్పులు సర్వర్‌కు అప్పగించడం. మరి ఇద్దరు మనుషులు ఒకే ఫైలును మారిస్తే? ఆ బృందం తమ సర్వర్లను గమనిస్తే, 99 శాతానికి పైగా మార్పులు అంతకుముందు ఆ ఫైలును మార్చినవాళ్లే చేశారని తేలింది. అంటే ఇద్దరి మార్పులు ఢీకొనడం అరుదన్నమాట. కానీ ఆఫీసులో నలుగురూ రోజూ నింపే ఉమ్మడి షీటు దగ్గర ఆ ధీమా పనికిరాదు. ఆఫ్‌లైన్‌లో దాన్ని ముట్టకండి. మీ లెక్కలు వేరే ఫైల్లో రాసుకుని, తిరిగొచ్చాక ఎక్కించండి. లేదంటే మీ కంప్యూటర్ పేరు తగిలించుకుని రెండో కాపీ పుట్టొచ్చు. అప్పుడు ఏ అంకె ఎవరిదో గడి గడికీ వెతుక్కోవాలి.

ప్రశ్న: ఇంట్లో వైఫై మీద నెట్‌వర్క్ డ్రైవ్‌కు పెళ్లి వీడియోలు కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదటికొస్తోంది.

జవాబు: విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ (కమాండ్ టైప్ చేసి ఫైళ్లు కాపీ చేసే ప్రోగ్రాం) వాడండి. కమాండ్ చివర స్లాష్ జెడ్ (/Z) పెడితే తెగినచోటి నుంచే అందుకుంటుంది. ఎన్నిసార్లు ప్రయత్నించాలో స్లాష్ ఆర్‌తో (/R) చెప్పడం మరవకండి. చెప్పకపోతే 30 సెకన్లు ఆగి ఆగి 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది మహానుభావుడు! రౌటర్ దగ్గర్లోనే ఉంటే ఇదంతా ఎందుకు, లాన్ కేబుల్ పెట్టేయండి.