కరోనా టైంలో వీడియో కన్సల్టేషన్ వల్ల పల్లెటూళ్లకి స్పెషలిస్టులు నిజంగా అందారా?

మీరడిగిన దానికి మా ఇంట్లో చూసిందే చెప్తాను. అప్పటికే ఒక స్పెషలిస్ట్ దగ్గర ఫైల్ ఉన్నవాళ్లకి బాగానే అందారు, కొత్తగా జబ్బు పడ్డవాళ్లకి మాత్రం దాదాపు అందలేదు.

మాది పలాస దగ్గర ఊరు. అమ్మకి చాలా ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, అదే కీళ్లవాతం, చూపించేది వైజాగ్‌లో రుమటాలజిస్ట్‌కి, అంటే కీళ్లవాతం చూసే స్పెషలిస్ట్‌కి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టేసరికి రైళ్లు ఆగిపోయాయి, మందులేమో అయిపోవస్తున్నాయి. సరిగ్గా అదే టైంలో కరోనా రాకుండా హాస్పిటల్ స్టాఫ్ హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు వేసుకోవచ్చని కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ చెప్పింది, దాంతో జనం షాపుల మీద పడి కొనేశారు, మార్చి 26న కేంద్రం దాని అమ్మకాల మీద షెడ్యూల్ హెచ్1 రూల్స్ పెట్టింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని. కీళ్లవాతం వాళ్లకీ, లూపస్ అనే అలాంటి ఇంకో జబ్బు వాళ్లకీ అది రోజూ వేసుకునే మందు కదా, వాళ్ల గతేంటి? పాత చీటీ చూపిస్తే షాపతను కొత్తది తెమ్మన్నాడు.

అక్కడ మమ్మల్ని కాపాడింది మాత్రం టెలిమెడిసినే. మార్చి 25నే దానికి గైడ్‌లైన్స్ వచ్చాయి, డాక్టర్ ఫోన్లో చూసి రిజిస్ట్రేషన్ నంబర్ వేసి, సంతకం పెట్టి చీటీ పంపొచ్చని అందులో స్పష్టంగా ఉంది. మా డాక్టర్‌గారు అలాగే పంపారు, షాపతను ప్రింట్ తీసుకుని మందులిచ్చాడు.

వీడియోలో చూడటం ఎలా ఉండేదంటే, ఇంట్లో సిగ్నల్ రాదు కాబట్టి అమ్మని మేడ మీద కూర్చోబెట్టి వదిన ఫోన్ పట్టుకునేది, నేను హైదరాబాద్ నుంచి అదే కాల్లో ఉండేవాణ్ణి. "అమ్మా, గుప్పిట మూయండి, పూర్తిగా మూస్తున్నారా? పొద్దున లేవగానే ఎంతసేపు బిగుసుకుపోయి ఉంటున్నాయి?" అని అడిగేవారు డాక్టర్‌గారు. తర్వాత వదినతో అమ్మ అరచేతిని వేళ్ల మొదళ్ల దగ్గర రెండు పక్కలనుంచీ మెల్లగా నొక్కమని, అమ్మ మొహం మీద కెమెరా పెట్టమనేవారు. నొప్పి లేదని నోటితో చెప్పినా మొహంలో తెలిసిపోయేది. కీళ్లవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్లకి లివర్, రక్తం టెస్టులు తప్పవు కదా, అవి పలాసలోనే చేయించి రిపోర్ట్ వాట్సాప్ చేసేవాళ్లం. కరోనా భయంలో హాస్పిటల్లో కూర్చోకుండా ఇదంతా జరగడం చిన్న విషయం కాదు, పైగా ఆ మందులు ఇమ్యూనిటీని తగ్గించేవి.

కానీ అదే ఏడాది మా పిన్ని కోడలికి వేళ్లు వాచాయి. కొత్త కేసు. అదే డాక్టర్‌గారికి వీడియోలో చూపిస్తే ఆయన నిజాయితీగా చెప్పేశారు, చేత్తో నొక్కి చూడకుండా, ఎక్స్‌రే, కీళ్లవాతం కోసం చేసే యాంటీ సీసీపీ రక్తపరీక్ష లేకుండా జబ్బు పేరు కూడా చెప్పలేను, మెథోట్రెక్సేట్ లాంటి మందులు మొదలుపెట్టలేను అని. మొదటిసారి చూసే పేషెంట్‌కి ఫోన్ మీద రాయగలిగిన మందులు ఆ గైడ్‌లైన్స్ ప్రకారం తక్కువే, పాత పేషెంట్‌కి నడుస్తున్న మందు కొనసాగించడం వేరు. బళ్లు తిరిగేదాకా ఆ అమ్మాయి పెయిన్‌కిల్లర్ల మీదే నెట్టుకొచ్చింది, ఈలోపు జాయింట్ ఎంత పాడవుతుందో ఈ జబ్బున్న ఇళ్లవాళ్లకే తెలుసు, ఇప్పుడు తల్చుకున్నా నాకు బాధే.

ఇంకా మా పలాస వైపు ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ పేషెంట్లు, డయాలిసిస్‌కి వారంవారం వెళ్లాల్సినవాళ్లు. వాళ్లకి ఫోన్లో ఏం చేస్తారు చెప్పండి, కావాల్సింది మిషనూ అక్కడికి తీసుకెళ్లే బండీ.

ప్రభుత్వ టెలిమెడిసిన్ సర్వీసు ఈ-సంజీవనిలో ఓపీడీ అనే పద్ధతి 2020 ఏప్రిల్‌లో వచ్చింది, ఇంట్లోంచే ఉచితంగా డాక్టర్‌తో మాట్లాడొచ్చు, మంచిదే. నాకు దానికన్నా ఎక్కువ నమ్మకం ఉన్నది ఈ-సంజీవనిలోనే ఉన్న రెండో పద్ధతి మీద, అంటే పేషెంట్ ఊళ్లో హెల్త్ సెంటర్‌కి వెళ్తే అక్కడి సిబ్బంది బీపీ చూసి, పక్కనే కూర్చుని పెద్ద హాస్పిటల్ డాక్టర్‌తో మాట్లాడించడం. మా వదిన చేసిన పని అక్కడ ట్రైనింగ్ ఉన్న మనిషి చేస్తుంది. స్మార్ట్‌ఫోన్ లేని ముసలివాళ్లకి, ఫోన్ పట్టుకునే కొడుకో కోడలో లేనివాళ్లకి స్పెషలిస్ట్ అందాలంటే అదొక్కటే దారి అనిపిస్తుంది నాకు.

మీ ఇంట్లో కేసు కొత్తదైతే ఎలాగోలా ఒక్కసారి నేరుగా చూపించండి, ఫైల్ మొత్తం ఫోటోలు తీసి పెట్టుకోండి, ఆ తర్వాత ఫాలోఅప్‌లు వీడియోలో చేయిస్తారా అని ఆ డాక్టర్‌నే అడగండి.